పొయ్యి శరణు

శంఖగిరి కొండలకు పొద్దున ఒకటే రంగు ఉండదు. ముందు కాలిన ఇనుములా నల్లగా ఉంటాయి. వెలుగు పాకేకొద్దీ తమలపాకు ఈనెల్లా దారులు తేలతాయి. లోయలో నిలిచిన మంచు, విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా కదిలి, మొగలి పొదల సందుల్లోంచి తప్పుకుంటుంది. అప్పుడు కనిపిస్తాయి ఊళ్లు. కొండచరియకు పిచ్చుక గూళ్లలా అతుక్కున్న రాతి ఇళ్లు. ఒక్కో ఇంటి మీద ఒక్కో సన్నటి పొగ.

ఆ పొగలను చూస్తే సింగన్నకు ఒళ్లు మండిపోయింది.

సింగన్న కొండకు దిగువనున్న వైజయంతి రాజ్యంలో దళపతి. పుట్టింది మాత్రం చవుటపల్లెలో, తిరగళ్లకు కక్కు కొట్టి బతికే ఇంట్లో. అరిగి నున్నబడిన తిరగలి రాయిని ఉలితో గరుకు చెయ్యడమే ఆ పని. తండ్రి చివరగా చెక్కుతున్న రాయి, పువ్వు సగంలో ఉండగానే రెండుగా పగిలింది. ఆ తర్వాత ఆయన మంచం పట్టి లేవలేదు. ఆ రాయి ఇప్పటికీ గుమ్మం ముందే ఉంది. సింగన్న ఉలి వదిలి కత్తి పట్టాడు. కీర్తిధ్వజ మహారాజు కొలువులో దళపతి దాకా ఎదిగాడు. ఈ రోజు మళ్లీ తండ్రి ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని, పాత కంబళి భుజాన పడేసి, కక్కులు కొట్టేవాడి వేషంలో పరాయి కొండ ఎక్కుతున్నాడు.

వెతుకుతున్నది రాకుమారి నీలోత్పలను.

కిందటి పున్నమి తర్వాత, మిట్టమధ్యాహ్నం, బూడిద దండు రాజోద్యానం మీద పడింది. ఒంటినిండా బూడిద పూసుకుని, కొండ గుర్రాల మీద వచ్చే దోపిడి మూక అది. కాపలా ఉన్నది సింగన్నే. రాకుమారిని గుర్రం మీదికి లాగిన వాడి మెడ మీద అతను కత్తి దూసి కొట్టాడు. కత్తి రాతి మీద పడ్డట్టు జారిపోయింది. ఆ మనిషి ఒక్కసారి తిరిగి చూశాడు. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. అంతే, గుర్రం కనుమలోకి దూకింది.

కత్తికి తెగని ఆ కిటుకు ఏమిటో వైజయంతికి తెలిసేసరికి చాలా ఊళ్లు కాలిపోయాయి. శంఖగిరిలో పొయ్యి శరణు అని ఒక ఆచారం. ఏ ఇంటి పొయ్యి దగ్గరైనా కూర్చుని ఒక్క ముంత అంబలి తాగితే, ఆ పొయ్యి వెలిగినంతకాలం అతను ఆ ఇంటి మనిషి. రాజు వచ్చి అడిగినా అప్పగించరు. మంచులో దారి తప్పినవాళ్లు చచ్చిపోకూడదని పూర్వం పెద్దలు పెట్టినది. అందుకే అక్కడ పొయ్యి ఆర్పరు. పడుకోబోయేముందు నిప్పు మీద బూడిద కప్పి, తెల్లవారి ఊది లేపుతారు. అత్త నిప్పు కోడలికి అందుతుంది.

ఇంత మంచి ఆచారానికి పురుగు పట్టించిన మాంత్రికుడు భస్మకేతుడు. శరణు దొరికిన పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి అతను మంత్రించి ఇస్తాడు. దాన్ని నుదుట పెట్టుకున్నవాణ్ణి, ఆ పొయ్యి వెలుగుతున్నంతసేపూ ఏ ఆయుధమూ కొయ్యలేదు. అతని దండంతా అలా ఇంటికొకడుగా కొండల్లో శరణు పుచ్చుకుని కూర్చుంది. దిగువకు దిగి దోచుకోవడం, ఎగువకు పోయి అంబలి తాగడం.

రెండూ మిత్రరాజ్యాలే. ఏటా నీలికనుమ దగ్గర ఇద్దరు రాజులూ ఒకే గిన్నెలో పాలు తాగుతారు. దాన్ని పాలపొత్తు అంటారు. దోపిడి జరిగినప్పుడల్లా వైజయంతి దూత వెళ్లి, "మీ కొండల్లో దొంగలున్నారు" అనేవాడు. శంఖగిరి రాజు గిరిమల్లుడు, "అయ్యో, వెతికిస్తాం" అనేవాడు. వెతికించేవాడు కూడా. అతని సైన్యం ప్రతి ఊరి ముందూ ఆగి కొమ్ము ఊది, ఆడవాళ్లు సర్దుకునేదాకా నిలబడి, అప్పుడు లోపలికి పోయేది. అది అక్కడి మర్యాద. కొమ్ము ఊదితే ఆడవాళ్లకే వినపడదు కదా. దండు కొండ దాటిపోయేది. సైన్యం ఎవరూ లేని పాకలు తగలబెట్టి, ఆ బొగ్గులు బుట్టకెత్తి, మహారాజుకు కానుకగా పంపేది.

ఈసారి కీర్తిధ్వజుడు బొగ్గుల బుట్టను కాలితో తన్నాడు. "పాలపొత్తు నాడు పొద్దు వాలేలోగా నా బిడ్డ రావాలి. రాకపోతే కనుమలోకి పాలగిన్నె రాదు, నా సైన్యం వస్తుంది" అన్నాడు.

పాలపొత్తు రేపే.

"ఈ దారి ఎక్కడికి పోతుంది కోనన్నా?" అన్నాడు సింగన్న.

"యాడికీ పోదు."

భుజాన విల్లుతో ముందు నడుస్తున్నవాడు కోనప్ప. వెతకడానికి తోడుగా గిరిమల్లుడు ఇచ్చిన మనిషి. నడివయసు దాటినవాడు, గడ్డం తెల్లబడింది. మాట తక్కువ. ఇన్నాళ్లూ సింగన్న ఒకటి గమనిస్తూ వచ్చాడు. దారి చీలిన ప్రతిచోటా కోనప్ప కళ్లు ఎడమకు పోయేవి, కాళ్లు కుడికి పోయేవి.

"ఎక్కడికీ పోని దారిలో గుర్రపు లద్దె పచ్చిగా ఉందే?"

కోనప్ప లద్దెను చూశాడు, చూడనట్టు నడిచాడు. "గుర్రాలకేం పనిలే. తిరగతాంటాయి."

"మీ సైన్యం లాగా."

కోనప్ప ఆగాడు. "మా సైన్యాన్ని అను, పడతా. ఈ ఎడమ దారిలో మొగిలిపల్లె ఉండాది. ఆ ఊళ్లేకి మాత్రం వద్దు. ఈ ఒక్కమాట విను సింగన్నా."

"ఎందుకొద్దు?"

"చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పవా?"

"రెండూ ఒకటే."

సింగన్న ఎడమ దారి పట్టాడు. వెనక కోనప్ప అడుగుల చప్పుడు కాసేపు వినిపించలేదు. తర్వాత వినిపించింది.

మొగిలిపల్లె నిండా ఆ పొద్దున వాకిళ్లలో రాగులు ఆరబోసి ఉన్నాయి. "తిరగళ్లకు కక్కులు కొడతాం!" అని సింగన్న తండ్రి గొంతుతోనే అరిచాడు. ఆ గొంతు తనలో ఉందని అతనికే తెలియదు. ఆడవాళ్లు తిరగళ్లు దొర్లించుకొచ్చారు.

"ఏమయ్యో, కక్కు కొట్టమంటే గుంటలు తవ్వతాండావే! దీంట్లే రాగులు పోస్తే మొలకలొస్తాయి" అంది ఒకామె.

"చెయ్యి తిరిగి చాన్నాళ్లయింది వదినా."

"ఆ గడ్డమాయన ఎవరు? సుత్తి నీ చేతిలో, చూపు ఆయన కంట్లో."

"మా మామ. నోట్లో మాట ఉండదు."

"మాటలేని మొగోడా! మా ఇంటాయనను ఇచ్చి ఆయనను ఉంచుకుంటాం, అడుగు."

నవ్వులు లేచాయి. కోనప్ప మొహం తిప్పుకున్నాడు. అతను నవ్వకపోవడం సింగన్న చూశాడు. ఇంటింటి గుమ్మంలోకీ అతను తొంగి చూస్తున్నాడు. ఎవరినో వెతుకుతున్నట్టు లేదు. ఎవరో లేకపోతే బాగుండునని వెతుకుతున్నట్టుంది.

ఊరి చివర సోమక్క ఇల్లు. నడుము వంగిన ముసలిది. తిరగలిని లోపలినుంచి కదపలేనంది.

"నువ్వే లోపలికి రా నాయనా. నాలాగే అరిగిపోయింది అది. రాగులు నలగవు, నా పండ్లూ నలపవు."

సింగన్న పొయ్యి పక్కనే కూర్చుని కొట్టాడు. మూడు రాళ్ల పొయ్యి. రాళ్లు గేదె వీపుల్లా నల్లగా మెరుస్తున్నాయి. మధ్యలో నిప్పు, గుప్పెడే. కానీ దాని ముందు కూర్చుంటే ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నట్టే ఉంది.

"మా అత్త నాకిచ్చిన నిప్పు" అంది సోమక్క, అతను చూడడం చూసి. "ఆమెకు వాళ్లత్త. నా కొడుకు పోయినప్పుడు ఇంట్లే ఎవరమూ తిన్లేదు. దీనికి మాత్రం పుల్ల ఏసినాను."

పని అయ్యాక ముంతలో అంబలి పోసి ఇచ్చింది. సింగన్న తాగాడు. పుల్లగా, చల్లగా, గొంతులోకి దిగింది. ఆ క్షణం నుంచీ అతను కూడా ఆ ఇంటి మనిషే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే తాగాడు.

అప్పుడు వెనక గుమ్మంలోంచి కట్టెలమోపు ఎత్తుకుని ఒక మనిషి వచ్చాడు. మోపు దించి నడుము ఎత్తాడు. నుదుట బూడిద. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. ఆ మనిషి తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. 'నన్నేమీ చెయ్యలేవు' అన్నట్టు తోచింది సింగన్నకు.

"వీడు తిప్పడు, నా ఇంట్లోనే ఉంటాడు" అంది సోమక్క. "తినరా నాయనా, నువ్వు కూడా. ఉండండి, అంబలిలోకి ఉల్లిగడ్డ తెస్తా." పెరట్లోకి పోయింది.

గుమ్మం దగ్గర కోనప్ప నీడ పడింది. అతను లోపలికి రాకముందే సింగన్న ఎదురెళ్లి, "ఉలి మొన పోయింది. వాగులో సానరాయి చూసిరా మామా" అన్నాడు, ఊరంతా వినేలా. వేషంలో ఉన్నాక కాదనడానికి లేదు. కోనప్ప అతని మొహంలోకి చూసి, ఇంట్లోకి చూడబోయి, సింగన్న భుజం అడ్డం వస్తే, వాగువైపు పోయాడు.

సింగన్న వెనక్కి తిరిగాడు. మూలన నీళ్ల కడవ ఉంది. ఎత్తాడు.

"వద్దు!" అన్నాడు చీలిచెవివాడు. రెండు చేతులూ చాచి పొయ్యికి అడ్డం పడ్డాడు. సింగన్న మోకాలితో అతణ్ణి పక్కకు తోసి, కడవను పొయ్యి మీద బోర్లించాడు.

ఆ చప్పుడు పాము బుసలా ఉంటుందనుకున్నాడు. అలా లేదు. ముసలి మనిషి ఆఖరి ఊపిరి వదిలినట్టుంది. తెల్లటి ఆవిరి లేచి ఇంటి కప్పును తాకింది. నల్లటి నీళ్లు తిరగలి కిందకు పారాయి. చీలిచెవివాడి నుదుటి బూడిద ఎండిన సున్నంలా పెళ్లలు పెళ్లలుగా రాలింది.

సోమక్క పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఉల్లిగడ్డ. పొట్టు ఒలిచి ఉంది.

పొయ్యిని చూసింది, కడవను చూసింది, సింగన్నను చూసింది. ఉల్లిగడ్డను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుంది.

సింగన్న చీలిచెవివాడి గొంతు మీద ఉలి ఆనించాడు. "రాకుమారి ఎక్కడ? చెప్పు! ఇప్పుడు నిన్ను ఏ పొయ్యీ కాయదు."

"ఎంత పని చేసినావయ్యా!" అన్నాడు ఆ మనిషి. కళ్లలో భయం ఉంది. ఉలిని చూసి కాదు. "భస్మకేతుడి దగ్గర అన్ని పొయ్యిల బూడిదా గిన్నెల్లో ఉంటాది. యాది చల్లారినా ఆ క్షణమే తెలిసిపోతాది. శరణు పోయినోణ్ణి నోరు తెరవకముందే ఎత్తకపోడానికి గద్దను పంపుతాడు. అందరినీ ఇండ్లల్లేకి తోలు! పరిగెత్తు!"

వాకిట్లోంచి పరుగున కోనప్ప వచ్చాడు. ఆవిరి చూసి ఆగిపోయాడు. ఉలి చూశాడు.

"వదులు" అన్నాడు. "వాడు నా తమ్ముడు. తిప్పన్న. మా రాజు దండులోకి పంపిన మనిషి వాడు."

సింగన్న చేతిలో ఉలి కిందపడింది.

అడగడానికీ చెప్పడానికీ వ్యవధి లేకపోయింది. పగలు ఒక్కసారిగా మసకబారింది. ఉత్తరపు శిఖరం మీదుగా బూడిద మేఘం ఒకటి లేచింది. గాలికి ఎదురు వస్తోంది. దగ్గరికొచ్చేకొద్దీ దానికి రెక్కలు తేలాయి, ముక్కు తేలింది, కాలుతున్న బొగ్గుల్లాంటి కళ్లు తేలాయి. ఒక్కో రెక్క ఇంటి కప్పంత. ఈకలు ఈకలుగా రాలుతున్న బూడిద. అరుపు లేదు. చెట్లమీంచి ఎగిరితే ఆకులు మాడి ముడుచుకున్నాయి. అది బూడిద గద్ద.

వాకిళ్లలో ఆడవాళ్లు కేకలు వేస్తూ రాగుల మీదుగా పరుగెత్తారు. సింగన్న సంచి విసిరేసి బయటికి దూకాడు. గద్ద వాలింది. కోనప్ప బాణం దాని రొమ్ములోంచి దూసుకుపోయి అవతలి గోడకు గుచ్చుకుంది. చిల్లు పడిన చోట బూడిద మళ్లీ పూడుకుంది. సింగన్న రాయి విసిరాడు, అదీ అంతే. గద్దకు వాళ్లతో పని లేదు. అది సోమక్క ఇంటి కప్పును గోళ్లతో చీల్చి, చల్లారిన పొయ్యి పక్కనున్న తిప్పన్నను వీపు పట్టి ఎత్తింది.

"నీళ్లు!" అని అరిచింది సోమక్క. "బూడిదకు నీళ్లురా, బాణాలు కాదు!"

ఆమె చేతిలో ఇప్పుడు ఉల్లిగడ్డ లేదు. పెరటి తొట్టిలో ముంచిన కంబళి ఉంది. నీళ్లు కారుతున్న ఆ బరువును వంగిన నడుముతో లాక్కొచ్చి సింగన్న చేతిలో పడేసింది. సింగన్న గోడ ఎక్కి, గోడ మీంచి కప్పు మీదికి దూకి, కప్పు అంచునుంచి గాల్లోకి ఎగిరాడు. తడి కంబళి గిరగిరా తిప్పి గద్ద మెడకు వేశాడు. బుస్సుమంది. మెడ బురదై జారింది. రెండో విసురుకు రెక్క కూలింది. గద్ద, తిప్పన్న, సింగన్న ముగ్గురూ కలిసి ఆరబోసిన రాగుల మీద పడ్డారు. కోనప్ప, ఆడవాళ్లు కడవలు తెచ్చి కుమ్మరించారు. ఆ బొగ్గు కళ్లు రెండూ చివరిదాకా ఎర్రగా ఉండి, పొగచిమ్మి నల్లబడ్డాయి.

మిగిలింది ఒక బురద కుప్ప. దాని పక్కన తిప్పన్న.

కోనప్ప తమ్ముడి తలను ఒళ్లోకి తీసుకున్నాడు. వీపు కిందినుంచి రాగుల్లోకి నెత్తురు పాకుతోంది.

"ఆమెను గుర్రం మీదికి ఎక్కించుకున్నది..." అన్నాడు సింగన్న.

"నేను ఎక్కించుకోకపోతే ఇంకోడు ఎక్కించుకుంటాడు" అన్నాడు తిప్పన్న. "ఇంకోడి చేతిలో అయితే భస్మకేతుడుండే నల్లకోనకు చేరేలోగా... ఆమెను నా చెల్లెల్లాగా తీసుకుపోయినా. బతికే ఉండాది. రేపు రెండు సైన్యాలూ తగులుకున్న గడియకు ఆమెను హోమంలో వేస్తాడు. ఆ బూడిద పూసుకుంటే ఇంక ఆయనకు ఏ పొయ్యీ అక్కరలేదు. నిన్ను చూసి తల ఊపినా గదా అన్నా. రాత్రికి వచ్చి చెప్తా, ఇప్పుడొద్దు అని."

సింగన్న కిందికి చూశాడు. తడిసిన రాగులు పాదాలకు అంటుకున్నాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు కోనప్పతో. అడిగాక ఆ మాట తనకే చేదనిపించింది.

"మా రాజు వద్దన్నాడు. మీ కోటలో చెబితే సాయంకాలానికి ఊరంతా తెలుస్తాదని." కోనప్ప తమ్ముడి మొహం మీది బురద తుడుస్తున్నాడు. "నాకూ అదే నిజమనిపించింది. నిన్ను కుడి దారుల్లో తిప్పినా. నువ్వు ఊరుకునే మనిషివి కాదని తెలిసి కూడా."

తిప్పన్న అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకోటి. భస్మకేతుడికీ ఒక పొయ్యి ఉండాది. అది వెలిగినన్నాళ్లూ ఆయన చావడు. మన కొండల్లే వెతికి వెతికి అలిసిపోయినా. ఈడ లేదన్నా. నిన్ననే కల్లు తాగి నవ్వతా చెప్పినాడు. 'వైజయంతి రాజు ఇంటికింటికీ మనుషులను పంపి కొండల్లో వెతికిస్తాడు, నాకు శరణిచ్చింది ఆయన పల్లెలోనే' అని."

"యా పల్లె?" అన్నాడు కోనప్ప.

"పేరు చెప్పలా. ఏటా బైరాగి వేషంలో పోతాడు. ఒక ముసలామె గంజి పోసి, పొయ్యిలో బూడిద పొట్లం కట్టి ఇస్తాదంట, ఎవరో ఏమో కూడా అడక్కుండా. గుమ్మం ముందర పగిలిన తిరగలి రాయి మీద కూర్చోబెడతాదంట. ఆ రాయి మీద..." ఊపిరి ఆగి వచ్చింది. "సగం చెక్కిన పువ్వు..."

తిప్పన్న తల పక్కకు వాలింది. కోనప్ప అతని కళ్లు మూసి, చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఊరు ఊరంతా చుట్టూ నిలబడింది. పొద్దున వదినా అని పిలిపించుకున్న ఆమె కూడా. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది సింగన్నకు. సోమక్క ముందుకొచ్చింది.

"మా ఆచారం ఒకటుండాది నాయనా. పొయ్యి ఆర్పినోడు తన ఇంటి పొయ్యిలో నిప్పు తెచ్చి అంటియ్యాల. అంతదాకా వాడి తలగుడ్డ ఆ రాళ్ల మీద ఉండాల."

సింగన్న ఇంట్లోకి పోయాడు. తలపాగా విప్పి, తడి రాళ్ల మీద పెట్టాడు. నల్లటి నీళ్లు గుడ్డలోకి పాకాయి. ఒట్టి తలతో బయటికి వచ్చి, ఆమె మొహం చూడలేక, "మరి ఆ కంబళి నాకెందుకిచ్చావవ్వా?" అన్నాడు.

"నా ఇంట్లే అంబలి తాగితివి. పొయ్యి చచ్చింది గానీ, తాగింది నీ కడుపులోనే ఉండాది గదా. నువ్వింకా నా ఇంటి మనిషివే."

సింగన్న ఆ తడి కంబళిని పిండి, ఆమె గోడ మీద ఆరేశాడు.

కోనప్ప తమ్ముణ్ణి ఊరివాళ్లకు అప్పగించి లేచాడు. విల్లు తీసుకున్నాడు. "పోదాం పా. మీ సైన్యం కనుమ దాటకముందే ఆ పొయ్యి యాడుందో పట్టుకోవాల. నువ్వు కక్కులు కొట్టే ఇంటోడివి గదా. మీ దిగువ పల్లెల్లే అట్లాంటి రాయి యాడన్నా చూసినావా?"

ఏటా వాళ్లింటికి వచ్చే బైరాగి సింగన్న కళ్లముందు నిలిచాడు. పొడుగాటి మనిషి. గంజి తాగి, అమ్మను దీవించి, తాను దళపతి అయ్యానని విని తన వీపు కూడా తట్టాడు. ఆ చెయ్యి బరువు ఇప్పుడు వీపు మీద పడినట్టు తెలిసింది. లేదు అంటే సరిపోతుంది. తానొక్కడే పోయి, గుట్టుగా చూసుకుని, ఎవరికీ తెలియకుండా... కోనప్ప వాళ్ల రాజు కూడా ఇలాగే అనుకుని ఉంటాడు.

గుమ్మంలోంచి తన తలపాగా కనిపిస్తోంది. సగం నల్లబడింది.

"చూశాను" అన్నాడు. "దాని మీద కూర్చునే చిన్నప్పటినుంచీ కాళ్లు కడుక్కున్నాను. అది మా ఇల్లు. ఆ ముసలామె మా అమ్మ."

కోనప్ప అతని వైపు చూశాడు. "సోమక్క పొయ్యి వెలగాలంటే మీ ఇంటి నిప్పు కావాల" అన్నాడు మెల్లగా. "వాడు చావాలంటే మీ ఇంటి నిప్పు ఆరాల."

"తెలుసు."

"మీ అమ్మకు తెలుసునా, ఎవరికి పోస్తాందో?"

"ఆమె ఎవరినీ అడగదు. మీ సోమక్క లాగే."

ఇద్దరూ దిగువకు పరుగెత్తారు. మొగలి ముళ్లు చీరాయి. జారుడు రాళ్లు పాదాల కింద దొర్లి లోయలో పడ్డాయి. నీలికనుమ కనిపించింది. ఎండలో నెమలి మెడలా మెరిసే నీలిరాతి గోడలు, రెండింటి మధ్య పాతాళంలో నురగలు కక్కే పిల్లేరు, పైన గాలికి ఊగే తాళ్ల వంతెన. వంతెన అవతల వైజయంతి జెండాలు. మహారాజు రేపటిదాకా ఆగలేదు. సైన్యం అప్పుడే గట్టు నిండా బారులు తీరి ఉంది.

వాళ్లు వంతెన నడుమకు చేరేసరికి వెనక శిఖరం మీద ఆకాశం మళ్లీ మసకబారింది. ఈసారి రెక్కలు ఒక జత కాదు. ముందు గట్టు మీద విలుకాళ్లు లేచారు. తలపాగా లేని తమ దళపతిని వాళ్లు గుర్తుపట్టలేదు. ఒంటినిండా బూడిద బురద, పక్కన శంఖగిరి విలుకాడు.

"బూడిద దండు! కొట్టండి!" అని ఎవరో అరిచారు. ఆ గొంతు సింగన్నకు తెలుసు. అతను పెంచిన దళమే.

"నేనురా! సింగన్నను!" అని అరిచాడు. పిల్లేటి హోరు మాటను మింగేసింది. విళ్లు వంగాయి. కోనప్ప అతణ్ణి పలకల మీదికి తోసి, తానూ పడుకున్నాడు. మొదటి బాణం తాడుకు తగిలి ఒక పురి తెగింది.

పలకలకు చెంప ఆనించి పడుకున్న సింగన్నకు, సైనికుల కాళ్ల సందుల్లోంచి, దూరంగా చవుటపల్లె కనిపించింది. వాళ్లింటి మీద సన్నటి పొగ ఒకటి అప్పుడే లేస్తోంది. అమ్మ ఆ వేళకు ఎప్పుడూ వంట చెయ్యదు.

ఎవరో గంజి అడిగి ఉంటారు.